నా హెల్మెట్‌లో వాడి గెలుపు

మొదటే చెప్పేస్తాను, ఆ పాలవాడంటే నాకు కుళ్లు. ఇన్నేళ్లలో మోకాళ్లు అరిగాయి, ముందు పళ్లు రెండు ఊడాయి, చూపు మందగించింది. ఇదొక్కటి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. మా షెడ్డు జట్టు మోటారు సైకిల్ పందేల్లో ఛాంపియన్ అయిన సంగతి తిరుపతిలో నా వయసువాళ్లు కొందరు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లు చెప్పే కథలో నేను చాలా మంచివాణ్ణి, సమయానికి ఒక ప్రాణం కాపాడినవాణ్ణి. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నేనేమిటో నాకు తెలుసు కాబట్టి ఈ కథ నేనే రాస్తున్నాను.

డెబ్బైల చివర మాకు తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర పసుపు కుంకుమల కొట్టు ఉండేది. నాయన పోయాక అది నా నెత్తిన పడింది. కొండకు పోయేవాళ్లకూ కొండ దిగి వచ్చేవాళ్లకూ పొద్దస్తమానం ఎర్రబడిన వేళ్లతో పొట్లాలు కట్టే మనిషికి వేగమంటే పిచ్చి పట్టడంలో వింతేమీ లేదు. అమ్మను ఆరు నెలలు సతాయించి, రెండు పొగగొట్టాల మోటారు సైకిల్ ఒకటి కొన్నాను. ఇంట్లో మేమిద్దరమే. నాకు సంబంధాలు చూడడానికి వచ్చినవాళ్లతో అమ్మ, "మావోడు బండి తోల్తే గాలి గూడా పక్కకు తప్పుకుంటాది" అని గొప్పగా చెప్పేది. ఆ మాట విని లేచి వెళ్లిపోయిన సంబంధాలు కూడా ఉన్నాయి.

ఆ బండి వల్లే మేస్త్రి పరిచయమయ్యాడు. రైలు గేటు అవతల రేకుల షెడ్డు ఆయనది. మాట తక్కువ, బీడీలు ఎక్కువ. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజను మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని జబ్బు ఏమిటో చెప్పేవాడు. సిలిండర్ మీద మూతలాంటి హెడ్డు సరిగ్గా కూర్చుందో లేదో చూడడానికి పెద్ద వర్క్‌షాపుల్లో ఏదో నీలం రంగు పూస్తారట. మేస్త్రి మా కొట్లో కుంకుమ తెప్పించుకుని ఆముదంలో రంగరించి పూసేవాడు. హెడ్డు పెట్టి తీస్తే కుంకుమ అంటిన చోటు ఎత్తు, అంటని చోటు పల్లం. ఎత్తున్న చోట ఆకురాయితో కొంచెం రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ పెట్టి చూసేవాడు. ఒక్కో హెడ్డుకు ముప్పై సార్లు, నలభై సార్లు. కొత్తగా షెడ్డుకు వచ్చినవాళ్లు ఇంజనుకు పూజ జరుగుతోందనుకుని చెప్పులు బయట వదిలేవాళ్లు. మేస్త్రి ఏనాడూ వాళ్లకు విప్పి చెప్పలేదు.

ఒకరోజు ఆయన నా బండి ట్యాంకు మీద చెయ్యి వేసి, "దీన్ని షోలవరం తీసకపోదామా అప్పా" అన్నాడు.

షోలవరం మద్రాసుకు ఇవతల ఉంటుంది. యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసిన సిమెంటు దారి అక్కడ మిగిలిపోతే, ఏటా దాని మీద మోటారు పందేలు పెట్టేవాళ్లు. నేను అప్పటికి రెండుసార్లు వెళ్లి, ఎండలో నిలబడి, గొంతు పోయేదాకా అరిచి వచ్చినవాణ్ణి. మేస్త్రి ఆ మాట అనగానే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. బండి నాది, చెయ్యి మేస్త్రిది, తోలేది నేను. అదీ మా జట్టు.

మొదటి ఏడు మన దేశపు బండ్ల పందెంలో పదకొండోవాణ్ణి. మరుసటి ఏడు ఏడోవాణ్ణి. మూడో ఏడు అయిదోవాణ్ణి. ఈ లెక్కన పోతే మొదటి స్థానం ఎప్పుడొస్తుందో వేళ్లు మడిచి చూసుకునేవాణ్ణి. షోలవరం నుంచి రాగానే అమ్మ గడపలోనే ఆపి, "గెలిచినావా నాయనా?" అని అడిగేది. "వచ్చే ఏడు మా" అనేవాణ్ణి. ఆమె తల ఊపి, నాకు దిష్టి తీసి లోపలికి రానిచ్చేది. పదకొండోవాడికి దిష్టి ఎందుకని ఎవరన్నా నవ్వితే వాళ్లతో వారం రోజులు మాట్లాడేది కాదు.

పాలవాడు వచ్చింది నాలుగో ఏడు. వాడిది పాకాల వైపు ఒక పల్లె. కాస్త సేద్యం, ఆరు ఆవులు. చుట్టుపక్కల పాలన్నీ పోగుచేసి, బండికి రెండు వైపులా పెద్ద క్యాన్లు కట్టుకుని రోజూ పొద్దున తిరుపతి హోటళ్లకు తెచ్చేవాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి, పెళ్లయింది, ఒక కూతురు. తలనిండా గుబురుగా రింగుల జుట్టు. క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయని షెడ్డుకు వచ్చాడు. మేస్త్రి పని చేసి పంపి, వాడు గేటు దగ్గర మలుపు తిరిగి పోవడం చూశాడు. చూసి, నోట్లో బీడీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మేస్త్రి బీడీ తీశాడంటే ఏదో జరగబోతోందని అర్థం.

మర్నాడు వాడు పాలతో వస్తుంటే మేస్త్రి రోడ్డుకు అడ్డం నిలబడ్డాడు.

"ఆ మూతలు తీసేసి, అదే ఊపున మలుపు తిరిగి రాప్పా."

"పాలు ఒలికితే హోటలాయన నా తోలు తీస్తాడన్నా."

"ఒలికితే నేను కొంటాలే. పో."

వాడు మూతలు తీసి మా చేతికిచ్చి పోయాడు. మలుపులో బండి పడుకోబెట్టినట్టు వంగింది. తిరిగి వచ్చి మా ముందు ఆపితే క్యాన్లలో పాలు అంచు దాకా వచ్చి, మెల్లగా లోపలికి జారి, కుదురుకున్నాయి. చుక్క కింద పడలేదు. నేను మూతలు పట్టుకుని నిలబడ్డాను. కడుపులో మంట రేగింది అప్పుడే, ఆ క్షణంలోనే. మలుపులో బ్రేకు ఎప్పుడు వదలాలో, యాక్సిలరేటర్ ఎంత మెల్లగా తిప్పాలో నేను మూడేళ్లు నేర్చుకున్నా రాని సంగతి వాడికి పాల క్యాన్లు నేర్పాయి.

ఆ వారం కరకంబాడి రోడ్డు మీద తెల్లారుజామున వాణ్ణి నా బండి ఎక్కించాడు మేస్త్రి. ఒక మైలురాయి నుంచి మలుపు దాటి ఇంకో మైలురాయికి, మళ్లీ వెనక్కి. స్టాప్‌వాచ్ మేస్త్రి చేతిలో. నేను తోలాను, తర్వాత వాడు తోలాడు. నా కంటే నాలుగు సెకన్లు తక్కువ. వాచీ చెడిపోయిందన్నాను. మేస్త్రి వాచీ నా చేతికిచ్చి, వాణ్ణి మళ్లీ పంపాడు. ఈసారి అయిదు.

"బండి నీదే అప్పా, నేను కాదనలా," అన్నాడు మేస్త్రి తిరిగి వస్తుంటే. "ఒకటి సెప్పు. నువ్వు గెలవల్లనుకుంటా ఉండావా, మన బండి గెలవల్లనుకుంటా ఉండావా?"

"మన బండే," అన్నాను. జీవితంలో అంత పచ్చి అబద్ధం ఆడలేదు.

అలా నేను నా బండికే రెండోవాణ్ణయ్యాను. పందెం కాగితాల్లో మొదటి పేరు వాడిది, వాడు తోలలేకపోతే తోలడానికి రెండో పేరు నాది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. అమ్మ నా తోలు కోటుకు ఆముదం రాస్తూ కూర్చుని ఉంటే నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ కోటు వేసుకునేవాడు ఇప్పుడు రోడ్డు పక్కన నిలబడి స్పానర్లు అందిస్తున్నాడని ఆమెకు ఎలా చెప్పడం.

పాలవాడు తోలిన మొదటి ఏడే మూడో స్థానం వచ్చింది. మరుసటి ఏడు బెంగుళూరులో మొదటి స్థానం. అక్కడ మద్రాసు నుంచి వచ్చిన పెద్ద జట్టు ఒకటి మా వైపు తిరిగి చూసింది. వాళ్లకు గుడారం, అందరికీ ఒకే రంగు చొక్కాలు, బండి పక్కన మడత కుర్చీలు. మాకు ఒక అద్దె లారీ, ఒక చాప, పులిహోర మూట. మా ఇంజనులో పోసే ఆముదం కాలిన వాసన చూసి వాళ్లలో ఒకడు, ఎవరన్నా పిల్లవాడికి విరేచనాల మందు పోస్తున్నారా అని అడిగాడు. పందెం అయ్యాక వాడే వచ్చి, పెట్రోలులో ఆముదం ఏ లెక్కన కలుపుతారని మేస్త్రిని బతిమాలాడు. మేస్త్రి ఆకాశం చూస్తూ బీడీ కాల్చాడు. నేను నవ్వాను, గర్వపడ్డాను కూడా. మా షెడ్డు ఎదుగుతుంటే నాకు సంతోషం లేదని కాదు. ఆ సంతోషం మధ్యలో వాడు నిలబడి ఉండేవాడు, అదీ నా బాధ.

వాడు నన్ను ఒక్కనాడు నొప్పించి ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. "అన్నా, ఆ రెండో మలుపులో నువ్వు యాడ బ్రేకు పట్టేవోడివి?" అని నన్ను అడిగేవాడు. నేను చెప్పింది శ్రద్ధగా వినేవాడు. విని, నేను చెప్పినదానికంటే యాభై గజాలు ముందుకు పోయి పట్టేవాడు. అది కావాలని చేసేది కాదు, వాడికి అలా వచ్చేసేది. నేను కావాలని చేసినవి మాత్రం చాలా ఉన్నాయి. వాడి పల్లె యాసను వెక్కిరించాను. వాడికి కొన్న గ్లౌజులు ఒక సైజు చిన్నవి కొన్నాను. వాడి ఫోటో తీస్తున్నవాళ్ల ముందు నుంచి అవసరం లేకపోయినా నడిచాను. ముప్పై రెండేళ్ల మనిషిని, చేసిన పనులు ఇవి.

ఇక ఆ ఏడాది ఆఖరి పందెం షోలవరంలో. పాయింట్లు కూడితే మేమూ మద్రాసు జట్టూ సమానం. ఆ రోజు ఎవరు ముందు వస్తే వాళ్లే ఛాంపియన్లు. పందేనికి మూడు రోజుల ముందు మేస్త్రి కొండ మీదికి చేయి చూపించి, "తలనీలాలు ఇచ్చేసి పోదాం" అన్నాడు.

"గెలిచినాక గదా ఇచ్చేది?" అన్నాడు పాలవాడు.

"గెలిపిస్తే ఇస్తామనేది స్వామితో బేరమాడినట్టబ్బా. ముందే ఇచ్చేద్దాం. ఆపైన ఆయన ఇష్టం."

తిరుపతి మనిషికి మాత్రమే పుట్టగల ఆలోచన అది. నన్నూ రమ్మన్నారు. కొట్లో పని ఉందన్నాను. పనేమీ లేదు. వాడు గెలవడం కోసం నా జుట్టు నేనెందుకు ఇవ్వాలి, అంతే. నాకు ఉన్నదే పలుచని జుట్టు. వాళ్లిద్దరూ కొండకు పోయి, గుండు చేయించుకుని, తలకు గంధం పూసుకుని నున్నగా మెరుస్తూ వచ్చారు. వాడి రింగుల జుట్టు పోయాక తల ఇంత చిన్నదా అనిపించింది. నాకు అనిపించింది అంతవరకే. మేస్త్రికి అది కూడా అనిపించలేదు. ఇంజనులో వెంట్రుకవాసి తేడాను కుంకుమతో పట్టేసే మనిషి, ఆ జుట్టంతా పోయాక హెల్మెట్ సంగతి ఏమవుతుందని ఒక్కసారి ఆలోచించలేదు.

పందెం పొద్దున ప్రాక్టీసుకు వదిలినప్పుడు నేను చూశాను. వాడు సూటి దారిలో వస్తుంటే గాలికి హెల్మెట్ వెనక్కి లేస్తోంది. ఎడమ చేత్తో కిందికి నొక్కుకుంటున్నాడు. మలుపులో తల తిప్పితే తల తిరిగింది, హెల్మెట్ తిరగలేదు. మేస్త్రి నేల మీద కూర్చుని ఇంజను చప్పుడు వింటున్నాడు తప్ప పైకి చూడలేదు. వాడు ఆగి దిగాక పై తుండు మడిచి లోపల కుక్కుకుంటుంటే నేను లారీ పక్క నుంచి గమనిస్తూనే ఉన్నాను. పడితే ఆ హెల్మెట్ ఒక దిక్కుకు, తల ఒక దిక్కుకు పోతాయి.

అప్పుడు నేనేం చేశానో దాచుకోకుండా రాస్తాను. బండ్లనూ హెల్మెట్లనూ తనిఖీ చేసే పెద్దాయన ఒకరు తెల్ల టోపీ పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నేరుగా ఆయన దగ్గరికి పోయాను. తిరుపతిలో కొట్టు నడిపేవాడికి అరవం రాకపోతే పూట గడవదు, కాబట్టి మాటలకు తడుముకోలేదు. మా కుర్రవాడి హెల్మెట్ వదులుగా ఉంది, ఒకసారి చూడండి అన్నాను. వాడి మెడ సంగతి నా మనసులో లేదని అనను. ఉంది. కానీ మొదటి ఆలోచన అది కాదు. వాణ్ణి ఆపేస్తారు, బండి నాది, కాగితంలో రెండో పేరు నాది, ఇంకెవరు తోలుతారు? అదీ మొదటి ఆలోచన. నా తోలు కోటు, బూట్లు, హెల్మెట్ సంచిలో పెట్టుకుని వచ్చాను. రెండేళ్లుగా ప్రతి పందేనికీ అలాగే తెస్తున్నాను.

పెద్దాయన వాణ్ణి పిలిపించి, హెల్మెట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. గిన్నె మీద మూత తిరిగినట్టు తిరిగింది. లోపలి తుండు తీసి బల్ల మీద పడేశారు. "ఇది పనికిరాదు. అరగంట టైము. వేరేది తెచ్చుకో, లేకుంటే తోలేది లేదు," అని అరవంలో చెప్పి, నా వైపు చూపించి, "మీ మనిషికి దండం పెట్టు. ఈయన చెప్పకపోతే నీ తల దక్కేది కాదు," అన్నారు.

వాడు నిజంగానే దండం పెట్టాడు. "నేను గెలుపు మీద యావతో ఊరకుండిపోయినానన్నా. నువ్వు సూడకుంటే నా బిడ్డ గతేమయ్యేదో," అన్నాడు. పొద్దున మళ్లీ గంధం పూసుకున్న నున్నటి తల, తడి కళ్లు. నేను అప్పటికే సంచి తాడు విప్పుతున్నాను, కోటు తీయడానికి.

మేస్త్రి పరుగున వచ్చాడు. విషయం విని నా వైపు తిరిగాడు. ఇప్పుడు అంటాడు, నువ్వే తోలప్పా అంటాడు అని సంచిలో చెయ్యి పెట్టి కోటు పట్టుకున్నాను.

"నీ హెల్మెట్ ఇయ్యప్పా," అన్నాడు.

అంతే. నన్ను బండి ఎక్కించాలన్న ఆలోచన ఆయనకు ఒక్క రెప్పపాటు కూడా రాలేదు. ఆలోచించి వద్దనుకుని ఉంటే ఓర్చుకునేవాణ్ణి. అసలు రానే లేదు. రెండో పేరుగా కాగితంలో ఉన్న నేను ఆయన కళ్లకు ఒక హెల్మెట్ మోసే సంచిలాగా కనిపించాను.

"నాది చిన్నది, పట్టదు," అన్నాను.

"ఇచ్చి సూడబ్బా."

ఇచ్చాను. నాది తెల్ల హెల్మెట్. ముందు భాగాన మూడు నామాలు రాయించుకున్నాను, మా కొట్టుకు బోర్డు రాసిన మనిషి చేతనే. వాడు పెట్టుకుని తల విదిలించాడు. కదలలేదు. "అచ్చం కొలత తీసినట్టు ఉండాదన్నా," అన్నాడు. పెద్దాయన పట్టుకుని గుంజి చూసి, సరే పొమ్మన్నారు.

పన్నెండు చుట్లు. నేను గడ్డిమోపుల వెనక నిలబడి చూశాను. మొదటి చుట్టులో వాడు నాలుగోవాడు. నేను ఏం కోరుకున్నానో చెబుతాను. పిస్టన్ పట్టేసి ఇంజను ఆగిపోవాలని కోరుకున్నాను. నా బండి పిస్టన్, నా కొట్టు కుంకుమతో మేస్త్రి నలభై సార్లు రుద్దిన హెడ్డు. అది పట్టేసి, వాడు పక్కకు ఆపి దిగి, ఎవరికీ దెబ్బ తగలకుండా అంతా అయిపోవాలని. దెబ్బ తగలకుండా అనుకున్నానన్నది ఒక్కటే నా మంచితనం. ప్రతి చుట్టుకూ ఆముదం వాసన వచ్చేది, దాని వెంట తెల్ల హెల్మెట్ వచ్చేది. అయిదో చుట్టులో మూడోవాడు, ఎనిమిదిలో రెండోవాడు. జనం అరుస్తున్నారు. పదకొండో చుట్టులో, నేను బ్రేకు పట్టే చోటు దాటి వంద గజాలు పోయాక వాడు మద్రాసు బండిని లోపలి వైపు నుంచి దాటాడు. ఎంత మెత్తగా దాటాడంటే, పక్కన పాల క్యాన్లు కట్టి ఉన్నా తొణికేవి కావు. అప్పుడు నా నోట్లోంచి కేక వచ్చింది. నేను కేక వేశానని తెలిశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

గెలిచాం. మేస్త్రి నేల మీద కూలబడి, గుండు మీద రెండు చేతులూ పెట్టుకుని ఏడ్చాడు. ఫోటోలవాళ్లు ఎగబడ్డారు, వాడు హెల్మెట్ తీయకముందే ఫోటోలు తీసేసుకున్నారు. తర్వాత వాడు హెల్మెట్ నాకు తెచ్చి ఇచ్చి, "లోపలంతా గంధం అంటుకున్నాది, కడిగి ఇస్తానన్నా," అన్నాడు. వద్దని లాక్కున్నాను. మేస్త్రీ వాడూ బండి ఇంజను పని చూసుకోవడానికి మద్రాసులో ఆగిపోయారు. నేను అక్కడ ఉండలేక మర్నాడు ఉదయం బస్సెక్కాను.

మా వీధి మొదట్లోనే ఎవరో నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇంకెవరో భుజం తట్టారు. ఇంటి ముందు పదిమంది ఆడవాళ్లు. అమ్మ గడపలో నిలబడి ఉంది, చేతిలో హారతి పళ్లెం, చంకలో పేపరు. ఫోటో పేపర్లో పడింది. బండి మలుపులో వంగి ఉంది, మొహం కనబడడం లేదు, హెల్మెట్ మీద మూడు నామాలు మాత్రం తేటతెల్లంగా కనబడుతున్నాయి. కింద షోలవరంలో తిరుపతి జట్టు గెలుపు అని ఒక్క ముక్క.

"నామాలు సూడంగానే కనుక్కున్యాను," అనింది అమ్మ. "ఎన్ని ఏండ్లు అడిగినానురా గెలిచినావా అని. ఈ పొద్దు అడగబల్లేదు."

హారతి తిప్పింది. అప్పుడు చెప్పాలి. పదిమంది చూస్తున్నారు. "మా జట్టు గెలిచింది మా," అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోటికి వచ్చింది. ఆ రెండు రోజులు మా ఇంటికి వచ్చిన ప్రతివాడికీ ఆమె ఆ పేపరు చూపించింది. పక్కింటావిడ చెల్లెలి కూతురి సంబంధం మళ్లీ కదిలింది. నేను ప్రతిసారీ పక్క గదిలోకి పోయేవాణ్ణి. నాకు సిగ్గు ఎక్కువని వాళ్లు మెచ్చుకున్నారు.

మూడో రోజు పొద్దున, అమ్మా అని గడపలో పిలుపు. పాలవాడు. మేస్త్రిని మద్రాసులోనే వదిలి ముందుగా వచ్చేశాడు. ఒక చేతిలో చెంబునిండా పాలు, ఇంకో చేతిలో గుడ్డసంచి. సంచిలో ఉన్నది పందెంలో గెలిచిన కప్పని దాని ఆకారం చూస్తేనే తెలుస్తోంది. వాడు అంతకుముందు మా ఇంటికి ఎన్నడూ రాలేదు. నేను రానిచ్చే సందర్భం కల్పించలేదు.

"ఎవరు నాయనా?" అనింది అమ్మ.

వాడు చెప్పబోయాడు. ఈలోగా ఆమె గోడ వైపు చెయ్యి చూపించింది. ఫోటో కత్తిరించి, దేవుడి పటాల పక్కన అంటించి ఉంది. "నువ్వు గూడా వీళ్ల షెడ్డు మనిషివేనా? సూడు, మావోడు ఎట్ల వంగి పోతా ఉండాడో. నామాలతో సహా కనపడతా ఉండాడు."

వాడు ఫోటో చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఒక్కసారే. నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు. కోపం కాని, నవ్వు కాని వాడి మొహంలో నాకు కనిపించలేదు. అవి ఉన్నా బతికిపోయేవాణ్ణి.

"అవునమ్మా, షెడ్డు మనిషినే," అన్నాడు. "బండికి సాయంగా ఉంటాను. అన్న కప్పు మరిసిపోయి వచ్చినాడు. ఇచ్చి పోదామని వచ్చినా."

సంచిలోంచి కప్పు తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. పాలచెంబు గడప పక్కన దించాడు. కాఫీ తాగి పొమ్మంటే, హోటళ్లకు పాలు పోయాలమ్మా, టైమైపోతా ఉండాదని బండి స్టార్టు చేశాడు. నేను గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. పిలిస్తే వినబడే దూరంలోనే ఉన్నాడు. మలుపు తిరిగేదాకా ఉన్నాడు. నేను పిలవలేదు.

నాలుగు సెకన్లు తక్కువని ఏడ్చాను, నా బండి ఎక్కాడని ఏడ్చాను, నా హెల్మెట్‌లో గెలిచాడని ఏడ్చాను. ఆ గెలుపు మీద ఎంత ఆశ ఉంటే నేను అంత కుళ్లిపోయి ఉంటాను. దాన్ని పాలచెంబు దించినంత తేలిగ్గా మా ఇంట్లో దించేసి పోయాడు. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు. ఆ పొద్దు వాడి మీద పుట్టినంత అసూయ షోలవరంలో కూడా పుట్టలేదు.

మేస్త్రి మద్రాసు నుంచి వచ్చాక వీధికి నిజం తెలిసింది, నేను ప్రాణం కాపాడిన కథతో సహా. అమ్మకు చెప్పే ధైర్యం మాత్రం వీధికి కూడా లేకపోయింది. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున బండి చప్పుడు వినబడకుండా పోయేదాకా అమ్మ కప్పు ఒళ్లో పెట్టుకుని, కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"ఎంత అణకువగల పిల్లోడు," అనింది. "అట్లాంటోళ్లను పక్కన పెట్టగూడదురా. తీరిక దొరికినప్పుడు వానికి గూడా కొంచెం బండి తోలేది నేర్పించు, నాయనా."

"సరే మా," అన్నాను.